కేంద్రానిదా, రాష్ట్రానిదా? బెంగళూరు సమస్యలను ఏడో షెడ్యూల్‌తో పట్టి చూస్తే

జయనగర్_నాలుగోబ్లాక్

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ సంఘం తరఫున ఐదు విషయాల మీద వినతిపత్రాలు పెట్టాలి. మెట్రో ఛార్జీలు, చెరువులో కలుస్తున్న మురుగు, కావేరి నీటి కోత, ఏపీ, తెలంగాణ నంబరు బండ్లకు అడుగుతున్న లైఫ్ ట్యాక్స్, పెట్రోలు ధర. ఎవరికి రాయాలన్న దగ్గరే పేచీ వచ్చింది. రాష్ట్రం వాళ్లు కేంద్రం వైపు చూపిస్తారు, కేంద్రం వాళ్లు రాష్ట్రం వైపు చూపిస్తారు. మూడు జాబితాలున్నాయని బడిలో చదివిందే తప్ప, ఫలానా పని ఎవరి చేతిలో ఉందో తేల్చుకునే పద్ధతి తెలియదు. కాస్త వివరంగా చెప్పగలరా?

అధికరణం246

పద్ధతి ఉందండీ. జాబితాలో విషయం పేరు వెతికి అక్కడితో ఆపేస్తేనే దారి తప్పుతాం.

రాజ్యాంగం 246వ అధికరణం, దాని వెంట ఏడో షెడ్యూల్. ఏ విషయం మీద ఎవరు చట్టం చేయాలో పంచేది ఇవే, జాబితాలోని ఒక్కో అంశాన్ని ఎంట్రీ అంటారు. మొదట రాసినప్పుడు కేంద్ర జాబితాలో 97, రాష్ట్ర జాబితాలో 66, ఉమ్మడి జాబితాలో 47 ఎంట్రీలు. 1976లో 42వ సవరణ విద్య, అడవులు, తూనికలు కొలతలు, వన్యప్రాణుల రక్షణ, కింది కోర్టుల ఏర్పాటు అనే ఐదింటిని రాష్ట్రం నుంచి తీసి ఉమ్మడిలో వేసింది. ఏ జాబితాలోనూ లేనివి 248వ అధికరణం, 97వ ఎంట్రీ ప్రకారం కేంద్రానికే పోతాయి. అమెరికాలో ఇది తిరగబడి ఉంటుంది, మిగిలిందంతా రాష్ట్రాలది. అందుకే అక్కడి వ్యాసాలు చదివి ఇక్కడికి అన్వయించొద్దు.

ఇక తేల్చుకోవడం. ముందుగా మీ తగాదా పన్ను గురించా, నియంత్రణ గురించా అని విడదీయండి. పన్నులకు వేరే ఎంట్రీలున్నాయి: కేంద్రంలో 82 నుంచి, రాష్ట్రంలో 45 నుంచి 63 వరకు. ఒక విషయాన్ని నియంత్రించే అధికారం ఉన్నంత మాత్రాన దాని మీద పన్ను వేసే అధికారం వచ్చేయదు. 1958లో సుందరరామయ్యర్ కంపెనీ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిన సంగతి ఇది. మద్రాసు నూలు వ్యాపారులు ఆంధ్రకు అమ్మిన సరుకు మీద వచ్చిన వివాదం, మనవాళ్ల కేసే.

రెండోది, ఎంట్రీని చివరిదాకా చదవండి. రాష్ట్ర జాబితా 17లో ‘నీరు’ ఉంది, కానీ కేంద్ర జాబితా 56కు లోబడి అనే షరతు కూడా అందులోనే ఉంది. 56 అంటే అంతర్రాష్ట్ర నదులు. వ్యవసాయం రాష్ట్రానిది (14), సంతలు, మార్కెట్లు రాష్ట్రానివి (28), కానీ ఆహార పదార్థాల వ్యాపారం ఉమ్మడి 33. 2020 సాగు చట్టాలు ఆ 33 తలుపులోంచే వచ్చాయి.

మూడోది, చట్టం చేసింది ఎవరు, అమలు చేసేది ఎవరు అని వేరువేరుగా చూడండి. ఉమ్మడి విషయాల్లో పార్లమెంటు చట్టం చేసినా, ఆ చట్టంలోనే వేరేగా రాయకపోతే అమలు రాష్ట్ర ఉద్యోగులదే (73వ అధికరణం). మోటారు వాహనాల చట్టం కేంద్రానిది, ఆర్‌టీవో ఆఫీసులో కూర్చునేది కర్ణాటక ఉద్యోగి.

చివరగా, డబ్బు ఎక్కణ్నుంచి వస్తోంది, ఎవరి అనుమతి లేకపోతే పని ఆగుతుంది అన్నది. కాగితం మీద అధికారం ఉన్నవాళ్లకూ, నిజంగా బిగించి పట్టుకున్నవాళ్లకూ తేడా ఇక్కడ తెలుస్తుంది.

పర్పుల్‌లైన్

మెట్రో సంగతి నేను చెబుతాను, అందరూ పొరబడేది అక్కడే.

మెట్రో నడిపే బీఎంఆర్‌సీఎల్ కేంద్రం, కర్ణాటక చెరి సగం వాటాతో పెట్టిన కంపెనీ. ఛార్జీలకు వర్తించేది పార్లమెంటు చేసిన 2002 మెట్రో రైల్వేల నిర్వహణ చట్టం. మొదటిసారి లైను తెరిచినప్పుడు ఛార్జీ కంపెనీయే పెట్టుకోవచ్చు. ఆ తరువాత మార్చాలంటే 34వ సెక్షన్ కింద ఛార్జీల నిర్ణయ సంఘం కావాలి. దాన్ని వేసేది కేంద్రం. అధ్యక్షుడిగా హైకోర్టు న్యాయమూర్తి, లేదా ఆ పదవి చేసినవారు. కేంద్రం తరఫున ఒకరు, రాష్ట్రం తరఫున ఒకరు సభ్యులు. 37వ సెక్షన్ ప్రకారం ఆ సంఘం సిఫారసు మెట్రో యాజమాన్యం మీద కట్టుబాటు.

2025 ఫిబ్రవరి 9న గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 రూపాయలైనప్పుడు రెండు ప్రభుత్వాలూ ఒకదాన్నొకటి వేలెత్తి చూపించాయి. సంఘం వేసింది కేంద్రం, పెంచమని అడిగింది సగం రాష్ట్రానిదైన కంపెనీ, అంకె రాసింది ఇద్దరి ప్రతినిధులూ ఉన్న సంఘం. ఒక్కరి మీదే తోసేయడానికి వీల్లేకుండా ఉంటుంది ఏర్పాటు. కాబట్టి ఉత్తరం బీఎంఆర్‌సీఎల్ ఎండీకి, నకళ్లు రాష్ట్ర పట్టణాభివృద్ధి శాఖకూ, కేంద్ర గృహనిర్మాణ పట్టణ వ్యవహారాల శాఖకూ. పెంపు అమల్లోకి వచ్చాక రాస్తే ఫలితం తక్కువ. సంఘం ప్రజల సూచనలు పిలిచినప్పుడు గడువులోపు రాసినది రికార్డులో ఉంటుంది.

సబర్బన్ రైలుతో కలిపేయకండి. అది కే-రైడ్ అనే వేరే కంపెనీది, అందులో రాష్ట్రం 51, రైల్వే 49 శాతం.

వైట్‌ఫీల్డ్_వాసి

ఇదంతా కాగితాల మీద బాగానే ఉంటుంది సార్. ఢిల్లీ అనుకుంటే ఏదైనా చేస్తుంది, జాబితాలు అలంకారం. తెలంగాణ ఏర్పాటప్పుడు చూడలేదా?

అధికరణం246

తెలంగాణ ఉదాహరణ జాబితాలది కాదండీ, 3వ అధికరణానిది. రాష్ట్రాల హద్దులు మార్చే అధికారం రాజ్యాంగం నేరుగా పార్లమెంటుకే ఇచ్చింది. సాధారణ మెజారిటీ చాలు, అసెంబ్లీ అభిప్రాయం అడగాలి, అంతే. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ బిల్లును తిరస్కరించింది, ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది, జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది. మన సమాఖ్యలో కేంద్రం వైపు తూకం ఎక్కువన్నది నిజమే. అలంకారం అనడం మాత్రం ఒప్పుకోను. అందుకు సాక్ష్యం బెంగళూరులోనే ఉంది. 1989 ఏప్రిల్‌లో ఇక్కడి ముఖ్యమంత్రి బొమ్మై ప్రభుత్వాన్ని 356వ అధికరణం (రాష్ట్రపతి పాలన) కింద రద్దు చేశారు. 1994 మార్చి 11న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, మెజారిటీ ఉందో లేదో తేలాల్సింది సభలో, రాజ్‌భవన్‌లో కాదని చెప్పింది. రాష్ట్రపతి పాలన ప్రకటనను కోర్టు పరిశీలించవచ్చనీ, తప్పని తేలితే రద్దయిన సభను తిరిగి నిలబెట్టవచ్చనీ అంది. అంతకుముందు నీళ్లు తాగినంత తేలిగ్గా వాడిన అధికరణం, ఆ తీర్పు తరువాత బాగా తగ్గింది.

చెరువుగట్టు

మురుగు సంగతి. ‘నీరు’ రాష్ట్రానిదైతే పార్లమెంటు 1974లో జల కాలుష్య చట్టం ఎలా చేసింది? 252వ అధికరణం ద్వారా. రెండు లేదా అంతకు మించి రాష్ట్రాల సభలు తీర్మానం చేసి అడిగితే, రాష్ట్ర విషయం మీద కూడా పార్లమెంటు చట్టం చేయవచ్చు. అలా అడిగినవాటిలో కర్ణాటకా ఒకటి. ఇందులో మెలిక ఏమిటంటే, ఒకసారి ఇచ్చాక ఆ చట్టాన్ని రాష్ట్రం తనంతట తాను సవరించలేదు, మళ్లీ పార్లమెంటుకే పోవాలి. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం దారి వేరు. స్టాక్‌హోమ్ సదస్సు నిర్ణయాల అమలు పేరుతో 253 కింద చేశారు, దానికి రాష్ట్రాల తీర్మానం అక్కర్లేదు.

అమలుకొచ్చేసరికి అంతా బెంగళూరులోనే. మురుగు కాలువ పగిలి చెరువులోకి పోతుంటే బీడబ్ల్యూఎస్‌ఎస్‌బీ (నగర నీటి సరఫరా, మురుగు బోర్డు). పై అపార్ట్‌మెంటు ఎస్‌టీపీ (మురుగు శుద్ధి కేంద్రం) నడపకుండా వదిలేస్తుంటే కాలుష్య నియంత్రణ మండలి, వాళ్లిచ్చిన అనుమతిపత్రం నంబరు (25వ సెక్షన్) రాయండి, లేకపోతే ఫైలు వెతకడానికే నెల. గట్టు ఆక్రమణ అయితే రెవెన్యూ, తహసీల్దారు. చెరువు నిర్వహణ నగరపాలికది, ఇప్పుడు గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లున్నాయి కాబట్టి మీ వార్డు దేని కిందికి వచ్చిందో ముందు చూసుకోండి. 74వ సవరణ పన్నెండో షెడ్యూల్లో 18 పనులు రాసింది గానీ, నగరానికి వాటిని బదిలీ చేయాలా వద్దా అన్నది రాష్ట్రం ఇష్టానికే వదిలింది. పాత నగరపాలిక బీబీఎంపీ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది, ఆ తరువాత నడిపింది అధికారులే. ఢిల్లీ మనకు ఇవ్వడం లేదని వాపోయే రాష్ట్రాలు నగరాలకు ఇచ్చేది ఎంతో కూడా చూడాలి కదా.

ఆర్‌టీవో_దారి

బండి పన్ను. ఇక్కడ మూడు ముక్కలున్నాయి, విడదీస్తే సులువు.

వాహనాల మీద పన్ను రాష్ట్ర జాబితా 57. ఆ పన్ను ఏ సూత్రాల మీద వేయాలన్నది ఉమ్మడి 35. రిజిస్ట్రేషన్ చెల్లుబాటు కేంద్ర చట్టం, 1988 మోటారు వాహనాల చట్టం. 46వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది. 47వ సెక్షన్ ప్రకారం పన్నెండు నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. ఏపీ07 నంబరు ఉందని ఆపి, మీరు ఏడాది పైగా ఇక్కడే ఉన్నట్టు ఆధారం చూపకుండా లైఫ్ ట్యాక్స్ కట్టమంటే, టోల్ రసీదులు, సర్వీసు బిల్లులు, బీమా చిరునామా చూపించి వాదించవచ్చు. కానీ కోరమంగళలో మూడేళ్లుగా అద్దెకుంటూ బండి నిన్ననే వచ్చిందంటే ఎవరూ నమ్మరు.

మార్చుకునే క్రమం ఇలా. విజయవాడలోనో, హైదరాబాదులోనో రిజిస్టరు చేసిన ఆర్‌టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం). అప్పు ఉంటే బ్యాంకు సమ్మతి కూడా. అక్కడి చలాన్లన్నీ ముందే తీర్చేయండి, సగం దరఖాస్తులు ఆగేది వాటి దగ్గరే. ఎన్‌ఓసీలో ఏ ఆర్‌టీవోకు అన్నది సరిగ్గా రాయించండి. ఇల్లు ఇందిరానగర్‌లో ఉండి ఎన్‌ఓసీ జయనగర్ ఆర్‌టీవో పేరు మీద వస్తే మళ్లీ మొదటికొస్తుంది. నిరాకరిస్తున్నట్టు ముప్పై రోజుల్లో చెప్పకపోతే ఇచ్చినట్టే అని 48వ సెక్షన్ చెబుతుంది, కానీ కాగితం చేతిలో లేకుండా ఇక్కడ పని జరగదు. తరువాత ఇక్కడ ఫారం 27, ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, చిరునామా రుజువు, బండి చూపించడం, బండి వయసును బట్టి తగ్గిన లెక్కన పన్ను.

ఆ తరువాతే పాత రాష్ట్రంలో మిగిలిన కాలానికి పన్ను వాపసు అడగాలి. కొత్త ఆర్‌సీ నకలు, పాత పన్ను రసీదు లేకుండా అడిగితే తీసుకోరు. పాత రసీదు పారేసిన వాళ్లే ఎక్కువ. రెండు రాష్ట్రాలు తమలో తాము సర్దుకోవచ్చు కదా అంటే, 57 కింద వచ్చింది ఎవరి ఖజానా వాళ్లది. ఒకరు కట్టించుకున్న దాన్ని ఇంకొకరికి పంపే ఏర్పాటు ఏదీ లేదు.

కేంద్రం 2021లో బీహెచ్ సిరీస్ (రాష్ట్రం మారినా మార్చనక్కర్లేని నంబరు) తెచ్చింది ఈ బాధకే. నాలుగు లేదా అంతకు మించి రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు కంపెనీ ఉద్యోగులకూ వర్తిస్తుంది. రెండేళ్లకోసారి పన్ను, ధర 10 లక్షల లోపైతే 8, 20 లక్షల దాకా 10, ఆపైన 12 శాతం లెక్కన. డీజిలుకు 2 శాతం ఎక్కువ, ఎలక్ట్రిక్‌కు 2 తక్కువ. నంబరు కేంద్రం నియమాలది, డబ్బు రాష్ట్రానిది. పదిహేనేళ్ల సొమ్ము ఒక్కసారే వచ్చేది రెండేళ్ల ముక్కలైతే రాష్ట్రాలకు ఇష్టం ఉండదు మరి.

లెక్కలమేడం

పెట్రోలు నాకు వదిలేయండి. రెండు పన్నులు, రెండు ఎంట్రీలు. ఎక్సైజు కేంద్ర జాబితా 84, అమ్మకం పన్ను రాష్ట్ర జాబితా 54. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినా ముడిచమురు, పెట్రోలు, డీజిలు, సహజవాయువు, విమాన ఇంధనం ఇంకా బయటే. తాగే మద్యమూ బయటే, అది పూర్తిగా రాష్ట్రానిది.

2022 మే తగ్గింపు తరువాత లీటరు పెట్రోలు మీద కేంద్ర సుంకం 19.90 రూపాయలు ఉండేది, 2025 ఏప్రిల్‌లో అది మారింది. లెక్క అర్థం కావడానికి ఆ పాత అంకెనే విడదీసి చూడండి: బేసిక్ ఎక్సైజు 1.40, ప్రత్యేక అదనపు సుంకం 11, వ్యవసాయ సెస్సు 2.50, రోడ్ల సెస్సు 5. 270వ అధికరణం ప్రకారం సెస్సులు, సర్‌ఛార్జీలు రాష్ట్రాలతో పంచుకోనక్కర్లేదు. 19.90లో పంపకానికి వచ్చింది ఆ 1.40 మాత్రమే. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా సూచించే 15వ ఆర్థిక సంఘం చెప్పిన 41 శాతం దాని మీదే, అంటే లీటరుకు 57 పైసలు, అదీ అన్ని రాష్ట్రాలకూ కలిపి. రాష్ట్రం వైపు చూస్తే, కర్ణాటక 2024 జూన్‌లో పెట్రోలు అమ్మకం పన్నును 25.92 నుంచి 29.84 శాతానికి పెంచింది. కాబట్టి ధర తగ్గించమని ఇద్దరికీ రాయండి, ఒక్కరికే రాస్తే రెండోవాళ్లు తప్పించుకుంటారు.

పంపకం గొడవ కూడా ఇక్కడే. 14వ సంఘం కాలంలో కర్ణాటక వాటా 4.713 శాతం, 15వ సంఘంలో 3.647. తలసరి ఆదాయంలో వెనకబడిన రాష్ట్రాలకు ఎక్కువ ఇచ్చే ‘ఆదాయ దూరం’ అనే కొలమానానికి 45 శాతం బరువు పెట్టారు. కర్ణాటక ఆదాయంలో పెద్ద వాటా బెంగళూరుదే కదా, అదే అంకెల్లో రాష్ట్రాన్ని ధనికురాలిగా చూపిస్తుంది. రాయచూరు, కలబురగి వాళ్లకు ఆ ధనం కనిపించదు.

జీఎస్టీ కౌన్సిల్లో కేంద్రం ఓటు బరువు మూడోవంతు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు, నిర్ణయానికి నాలుగింట మూడు కావాలి. అంటే కేంద్రం కాదంటే ఏదీ నెగ్గదు, కేంద్రం ఒక్కటే ఏదీ నెగ్గించుకోలేదు. కౌన్సిల్ సిఫారసు కట్టుబాటు కాదని 2022 మోహిత్ మినరల్స్ తీర్పు చెప్పినా, ఏ రాష్ట్రమూ విడిగా రేటు పెట్టే సాహసం చేయదు. కంప్యూటర్ వ్యవస్థ ఒకటే, ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నును మినహాయించుకునే) గొలుసు ఒకటే.

పూండి_కాలువ

చెన్నై నుంచి. కావేరి మీద ఇక్కడా అక్కడా కలిపి చెబుతాను, రెండు వైపులా తిట్టొద్దు.

262వ అధికరణం నదీ వివాదాల్లో కోర్టులను పక్కన పెట్టమని పార్లమెంటుకు అధికారం ఇచ్చింది. దాని కింద 1956 చట్టం, 1990లో ట్రైబ్యునల్, 2007లో తుది తీర్పు. 2018 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు మార్చింది ఏమిటంటే, కర్ణాటక వదలాల్సింది 192 నుంచి 177.25 టీఎంసీలకు తగ్గింది. కర్ణాటకకు కలిసొచ్చిన 14.75లో 4.75 బెంగళూరు తాగునీటి కోసం. అదే ఏడాది కావేరి యాజమాన్య సంస్థ వచ్చింది. రెండు రాష్ట్రాల సరిహద్దులోని బిలిగుండ్లు దగ్గర కొలత, నెలవారీ లెక్క దాని పని.

కానీ మీ కుళాయిలో నీళ్లు రాకపోవడానికి ఆ సంస్థకు రాస్తే బుట్టదాఖలే. కర్ణాటక వాటాలో నగరానికి ఎంత, పొలానికి ఎంత అన్నది కర్ణాటక నిర్ణయం. 2024 అక్టోబరులో మొదలైన ఐదో దశ రోజుకు 77.5 కోట్ల లీటర్లు, అంటే ఏడాదికి దాదాపు 10 టీఎంసీలు. అది మీ వీధికి రాలేదంటే బీడబ్ల్యూఎస్‌ఎస్‌బీనే అడగాలి.

తగాదా లేకుండా కుదిరినదీ ఒకటుంది. చెన్నైకి కృష్ణా నీళ్లు ఏ ట్రైబ్యునల్ ఇచ్చినవి కావు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఇస్తామని ఒప్పుకున్నాయి. ఆవిరి పోను సరిహద్దు దగ్గర 12 అందాలి. ఆంధ్రలోని కండలేరు జలాశయం నుంచి చెన్నై దగ్గరి పూండి జలాశయానికి కాలువ, తెలుగుగంగ. 1983 ఒప్పందం, 1996లో నీళ్లొచ్చాయి. ఏటా పూర్తి 12 రావు, అది వేరే సంగతి.

వైట్‌ఫీల్డ్_వాసి

సరే, ఉమ్మడి జాబితాలో ఢీకొంటే కేంద్రం చట్టమే నెగ్గుతుంది కదా? మరి జల్లికట్టు ఎలా నిలిచింది?

పూండి_కాలువ

254వ అధికరణం రెండో భాగం. కేంద్ర చట్టానికి విరుద్ధంగా రాష్ట్రం ఉమ్మడి విషయం మీద బిల్లు చేసి, రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంటే ఆ రాష్ట్రంలో అదే చెల్లుతుంది. జంతుహింస నివారణ ఉమ్మడి 17. తమిళనాడు 2017లో కేంద్ర చట్టానికి సవరణ చేసి ఆమోదం తెచ్చుకుంది. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం నిలబెట్టింది.

చెడేది ఎక్కడంటే, రాష్ట్రపతికి పంపే కాగితాల్లో ఏ కేంద్ర చట్టంతో విరోధమో పేరుపెట్టి రాయాలి. రాయని చట్టం విషయంలో ఆ ఆమోదం కాపాడదని 2002 కైజర్-ఎ-హింద్ కేసు. సమయం కూడా ముఖ్యమే. 2013 కేంద్ర భూసేకరణ చట్టం వచ్చాక తమిళనాడు పాత సేకరణ చట్టాలు చెల్లవని 2019లో మద్రాసు హైకోర్టు అంది. ప్రభుత్వం మళ్లీ చట్టం చేసి, కొత్తగా ఆమోదం తెచ్చుకుంటే 2021లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఇంకొకటి, ఆమోదం వచ్చిన తరువాత కూడా పార్లమెంటు మళ్లీ చట్టం చేసి దాన్ని తోసిపుచ్చవచ్చు.

అధికరణం246

గవర్నరు దగ్గర ఆగిన బిల్లుల సంగతి కూడా ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెప్పేస్తా. 2025 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు తమిళనాడు పది బిల్లులకు ఆమోదం వచ్చినట్టే అన్నారు, గవర్నరుకు గడువులు పెట్టారు. రాష్ట్రపతి 143వ అధికరణం కింద సుప్రీంకోర్టు అభిప్రాయం అడిగితే, ఐదుగురి ధర్మాసనం నవంబరు 20న కోర్టు గడువులు పెట్టలేదనీ, ‘ఆమోదం వచ్చినట్టే’ అనే భావన కుదరదనీ చెప్పింది. కారణం లేకుండా సుదీర్ఘంగా తొక్కిపెడితే మాత్రం, ఏదో ఒక నిర్ణయం తీసుకోమని కోర్టు పరిమితంగా చెప్పవచ్చు. నా మటుకు, మన సమాఖ్యలో అన్నిటికన్నా బలహీనమైన అతుకు ఇదే. గెలిచిన సభ ఆమోదించిన బిల్లు, నియమితుడైన వ్యక్తి బల్ల మీద ఆగుతుంది. 1969లో తమిళనాడు వేసిన రాజమన్నార్ సంఘం (ఆయన మన తెలుగాయనే, మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేశారు) 1971లో నివేదిక ఇచ్చిన నాటి నుంచి ఈ వాదన నడుస్తూనే ఉంది.

జయనగర్_నాలుగోబ్లాక్

చాలా ఉపయోగపడిందండీ. ఐదింటికీ కలిపి ఒకే ఆర్‌టీఐ పెడితే, వాళ్లే ఎవరిది వాళ్లకు పంపించుకుంటారా?

ఆర్‌టీవో_దారి

పంపించాలి. సమాచార హక్కు చట్టం 6వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ ప్రకారం వేరే కార్యాలయానిదైతే ఐదు రోజుల్లో బదిలీ చేయాలి. కానీ కర్ణాటక నియమాల్లో ఒక దరఖాస్తుకు ఒకే విషయం, 150 పదాలకు మించకూడదు. ఐదూ ఒకే కాగితం మీద పెడితే తిప్పి పంపుతారు. ఐదు వేరువేరుగా, ఒక్కోదానికి 10 రూపాయలు. కేంద్ర శాఖలవి కేంద్రం పోర్టల్లో, కర్ణాటక శాఖలవి రాష్ట్రం పోర్టల్లో. మెట్రోది మాత్రం నేరుగా బీఎంఆర్‌సీఎల్ సమాచార అధికారికే పెట్టండి. సంఘం పేరు మీద కాకుండా ఎవరైనా ఒక వ్యక్తి పేరు మీద పెట్టండి, చట్టం హక్కు ఇచ్చింది పౌరుడికి.